ఎర్తో ఊరి కథ: ఆనకట్ట నిలిచింది, ఊరు చెదిరింది

గత సంచికలో ఎత్తయిన ఆనకట్టల గురించి రాస్తూ, ఇటలీలోని వయోంత్ ఆనకట్ట 1963లో కూలిపోలేదనీ, అయినా దాని కారణంగా రెండు వేల మందికి కాస్త తక్కువగా ప్రాణాలు కోల్పోయారనీ ఒక వాక్యం రాశాము. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కట్టడం గురించి కాక, దాని ఒడ్డున ఉన్న ఊరి గురించి అడిగాయి. ఇది మాకు సంతోషం కలిగించింది. ఈ ఘటన గురించి రాసేవారు సాధారణంగా లోయ దిగువన తుడిచిపెట్టుకుపోయిన లోంగరోనే పట్టణం దగ్గరే ఆగిపోతారు. ముందుగా హెచ్చరించినవారూ, ఆ తరువాత ఊరే చెల్లాచెదురై నష్టపోయినవారూ అయిన ఎర్తో ప్రజల మాట మనకు అంతగా వినిపించదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఊరికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: ఎర్తో ఎక్కడ ఉంది? ఆనకట్ట రాకముందు ఆ ఊరి వారు ఎలా బతికేవారు? (ఒక ఉపాధ్యాయురాలు, కడప)

ఇటలీ ఈశాన్య భాగంలో, దొలొమీతి పర్వతాల తూర్పు అంచున, వయోంత్ అనే చిన్న ఏరు లోతైన ఇరుకు లోయను కోసుకుంటూ పడమరకు పారి, లోంగరోనే దగ్గర పియావే నదిలో కలుస్తుంది. ఆ ఏటికి ఉత్తరపు గట్టున, సముద్ర మట్టానికి దాదాపు 775 మీటర్ల ఎత్తులో ఎర్తో ఉంది. మరికొంత పడమరగా, ఇంకా ఎత్తున, కొండవాలుకు అంటిపెట్టుకుని కస్సో ఉంది. ఈ రెండు ఊళ్లకూ కలిపి ఒకే స్థానిక సంస్థ, మన పంచాయతీ వంటిది, ఉంది. పరిపాలన రీత్యా ఇవి ఒకప్పుడు ఉదినె జిల్లాలో ఉండేవి. 1968లో కొత్తగా ఏర్పడిన పొర్దెనోనె జిల్లాలోకి వచ్చాయి. ఏటికి అవతల, దక్షిణపు గట్టున, 1,921 మీటర్ల తోక్ కొండ ఉంది. మన కథకంతటికీ కేంద్రం ఆ కొండే.

మధ్యయుగాలలో ఈ లోయ మైదానంలోని సెస్తో మఠం అధీనంలో ఉండేది. 1420లో ఫ్రియూలీ ప్రాంతమంతా వెనిస్ గణరాజ్యం చేతిలోకి పోయినప్పుడు ఇదీ పోయింది. వెనిస్‌కు ఓడలు కట్టడానికీ, నీటి మీద నిలిచిన నగరానికి పునాది గుంజలు దింపడానికీ కలప కావాలి. ఆ కలప పియావే నది మీద తెప్పలుగా కట్టబడి సముద్రం వైపు సాగేది. 1797లో వెనిస్ పతనమైన తరువాత పాలకులు మారుతూ వచ్చారు. 1866లో ఈ ప్రాంతం ఇటలీ రాజ్యంలో చేరింది. ఎవరు పాలించినా కొండ మీది జీవితం మాత్రం పెద్దగా మారలేదు. సాగు భూమి తక్కువ, చలికాలం దీర్ఘం. కాసిని ఆవులు, గొర్రెలు, మొక్కజొన్న, చిక్కుళ్లు, బంగాళాదుంపలు, వాటికి తోడు పశువులకు చలికాలం పొడుగునా సరిపడే ఎండుగడ్డి, ఇవే వారి ఆస్తి.

ఆ భూమితో కుటుంబం గడవదు కాబట్టి చలికాలంలో ఇళ్లలో కూర్చుని కొయ్యతో గరిటెలు, చెంచాలు, గిన్నెలు చెక్కేవారు. దారులు తెరుచుకోగానే వాటిని చేతిబండ్ల మీదా వీపు బుట్టల్లోనూ వేసుకుని ఉత్తర ఇటలీ ఊళ్లలో ఇంటింటికీ తిరిగి అమ్మేవారు. ఈ పనిలో ఆడవారి పాత్ర చాలా పెద్దది. ఎర్తోకు చెందిన శిల్పి, రచయిత మౌరో కొరోనా 1950లో పుట్టింది కూడా, తల్లిదండ్రులు ఇలా సరుకు అమ్ముకుంటూ తిరుగుతున్న కాలంలో, ఊరికి దూరంగా ట్రెంటో ప్రాంతంలోనే. ఈ తిరుగుడు వ్యాపారపు లైసెన్సులు, చూడటానికి చిన్న విషయంగా తోచినా, ప్రమాదం తరువాత కథలో మళ్లీ వస్తాయి.

ఇంకొక విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఎర్తో వారి ఇళ్లు ఉత్తరపు గట్టున ఉన్నా, వారి పొలాల్లోనూ గడ్డి బీళ్లలోనూ చాలా భాగం అవతలి గట్టున, తోక్ కొండ వాలు మీద ఉండేవి. అక్కడ పశువుల కొట్టాలు, పని కాలంలో ఉండే ఇళ్లు, ఏడాది పొడుగునా కాపురాలున్న చిన్న పల్లెలు కూడా ఉన్నాయి. తరతరాలుగా ఆ వాలు మీద గడ్డి కోసినవారికి ఆ నేల ఎక్కడ కదులుతుందో, ఎక్కడ పగులుతుందో తెలుసు.

ప్రశ్న: ఆనకట్ట కట్టడానికి ఊరి వారు ఒప్పుకున్నారా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

ఊరి వారి సమ్మతి ఎవరూ అడగలేదు. కట్టింది సాదే అనే ప్రైవేటు విద్యుత్తు సంస్థ. వెనిస్ కేంద్రంగా 1905లో దానిని స్థాపించిన జుజెప్పె వోల్పి ముస్సోలినీ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రిగా కూడా పని చేశాడు. పియావే పరీవాహకంలోని జలాశయాలన్నింటినీ సొరంగాలతో కలిపి, వాటన్నింటికీ నిల్వ భాండారంగా వయోంత్‌ను వాడుకోవాలన్నది ఆ సంస్థ పథకం. 1943 అక్టోబరు 15న, అంటే ఇటలీ లొంగిపోయి, దేశం సగం జర్మన్ సేనల ఆక్రమణలోకి వెళ్లి అయిదు వారాలు గడిచిన సమయంలో, రోములో సంబంధిత ఉన్నత సంఘం సమావేశమై ఈ పథకానికి ఆమోదం తెలిపింది. 34 మంది సభ్యుల్లో హాజరైనవారు 13 మంది, కోరం లేదు. అయినా ఆ ఆమోదమే తరువాతి అనుమతులన్నింటికీ ఆధారమైంది.

పనులు 1957లో మొదలయ్యాయి. ఆ ఏడాదే సంస్థ ప్రధాన రూపకర్త కార్లో సెమెంజా పాత రూపకల్పనను మార్చి, సుమారు 200 మీటర్ల ఎత్తుగా అనుకున్న ఆనకట్టను 261.6 మీటర్లకు పెంచాడు. దానితో నిల్వ సామర్థ్యం దాదాపు మూడింతలై 17 కోట్ల ఘనపు మీటర్ల దగ్గరకు చేరింది. అప్పటికి ఆ తరహా కమాను ఆనకట్టల్లో ప్రపంచంలో అదే ఎత్తయినది. ఎర్తో వారికి దీని అర్థం వేరు: నీరు ఎంత ఎత్తుకు వస్తే అన్ని పొలాలు, అన్ని ఇళ్లు అదనంగా మునుగుతాయి. ఇచ్చిన ధరకు ఒప్పుకున్నవారు ఒప్పుకున్నారు. ఒప్పుకోని వారి భూములు బలవంతపు సేకరణ కింద పోయాయి. అవతలి గట్టుకు వెళ్లే పాత దారులు నీటి కింద పడనుండటంతో, లోయ మీదుగా ఒక వంతెన కావాలని ఊరు అడిగింది. సంస్థ మొదట సరేనని, తరువాత ఆ ఆలోచన విరమించి, జలాశయం చుట్టూ రోడ్డు వేసింది. ఆ రోడ్డే తరువాతి సంవత్సరాల్లో పగుళ్లు విచ్చుతూ, కొండ కదులుతోందని అందరికీ చూపించింది.

1959 మేలో ఎర్తో కుటుంబాలు తమ లోయను కాపాడుకోవడానికి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. వారి భయానికి అప్పుడే ఒక తాజా కారణం కూడా ఉంది: అదే సంవత్సరం మార్చి 22న, పక్క లోయలో సాదే సంస్థదే అయిన పోంతెసెయి జలాశయంలోకి సుమారు 30 లక్షల ఘనపు మీటర్ల కొండచరియ జారిపడి, లేచిన అలలో ఒక కార్మికుడు చనిపోయాడు. తమ దగ్గర కూడా అలా జరిగితే ఏమిటన్నది ఎర్తో వారి ప్రశ్న. అది ఎంతో న్యాయమైన, ఎంతో సూటి అయిన ప్రశ్న.

ప్రశ్న: హెచ్చరించిన విలేఖరి మీదనే కేసు పెట్టారని చదివాను. నిజమేనా? (జర్నలిజం విద్యార్థిని, విశాఖపట్నం)

నిజమే. ఆమె పేరు తీనా మెర్లిన్. 1926లో బెల్లూనో దగ్గరి పల్లెలో పుట్టి, యుద్ధకాలంలో ప్రతిఘటన దళాలకు వార్తాహరిగా పనిచేసి, తరువాత ‘లూనితా’ అనే కమ్యూనిస్టు పార్టీ దినపత్రికకు ప్రాంతీయ విలేఖరి అయ్యారు. ఎర్తో సంఘం ఏర్పడిన రెండు రోజులకు, 1959 మే 5న, ఆ ఊరి వారి ఆందోళనను ఆమె పత్రికలో రాశారు. ప్రజలను కలవరపెట్టే అసత్య వార్తలు వ్యాపింపజేశారని ఆమె మీద అభియోగం మోపారు. మిలాను కోర్టులో విచారణ జరిగింది. ఎర్తో వారు అంత దూరం వెళ్లి సాక్ష్యం చెప్పారు. 1960 నవంబరు 30న కోర్టు ఆమెను నిర్దోషిగా విడుదల చేసింది. అంతకు నాలుగు వారాల ముందే, నవంబరు 4న, ఏడు లక్షల ఘనపు మీటర్ల మట్టి, రాళ్లు తోక్ కొండ నుంచి జలాశయంలో పడ్డాయి కనుక ఆమె రాసింది అసత్యమని అనడానికి ఎవరికీ ఆధారం మిగలలేదు.

1961 ఫిబ్రవరిలో ఆమె మళ్లీ రాశారు: అయిదు కోట్ల ఘనపు మీటర్ల కొండ ఎర్తో ప్రజల ప్రాణాలకూ ఆస్తులకూ ముప్పుగా పొంచి ఉంది అని. అసలు కదులుతున్న రాశి అంతకు అయిదింతలు. ఆమెను భయాలు పెంచే వ్యక్తిగా చిత్రించినవారు ఈ అంకెను ఒకసారి చూసి ఉండవలసింది.

ప్రశ్న: ఇంజనీరింగ్ జియాలజీ తరగతిలో వయోంత్ గురించి చెప్పారు. ఇంజనీర్లకు ముందుగా తెలియదా? తెలిసి కూడా ఎలా జరిగింది? (సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ)

మీ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ‘ఎవరికీ తెలియదు’ అనడమూ, ‘అంతా తెలిసే చేశారు’ అనడమూ రెండూ సగం సగం మాటలే.

కార్లో సెమెంజా కుమారుడు ఎదోఆర్దో సెమెంజా భూగర్భ శాస్త్రవేత్త. అతడూ సహచరుడు ఫ్రాంకో జూదిచీ కలిసి తోక్ కొండ ఉత్తర వాలును పరిశీలించి, అది ఎప్పుడో చరిత్రకు ముందు జారి వచ్చి ఆగిన పెద్ద కొండచరియ అని 1960లో నివేదించారు. అంటే ఆ వాలు చెక్కుచెదరని కొండ కాదు. ఒకసారి జారి, లోయలో నిలబడిపోయిన రాశి. దాని అడుగున సున్నపురాయి పొరల మధ్య పలుచని బంకమట్టి పొరలు ఉన్నాయి. జలాశయం నిండే కొద్దీ నీరు ఆ రాశిలోకి దిగువ నుంచి చేరి, లోపలి నీటి ఒత్తిడిని పెంచి, పొరల మధ్య పట్టును తగ్గిస్తుంది. తడిసిన బంకమట్టి మీద బరువైన రాతిపలక నిలవనట్టే, అది ఏదో ఒక నాటికి జారక తప్పదు. 1960 నవంబరు కొండచరియతో పాటే, తోక్ వాలు మీద రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న పగులు ఒకటి తెరుచుకుని, కదులుతున్న రాశి ఎంత పెద్దదో గీత గీసినట్టు చూపింది. 1961లో ఆస్ట్రియా నిపుణుడు లెయోపోల్డ్ ముల్లర్ దానిని 20 కోట్ల ఘనపు మీటర్లుగా అంచనా కట్టాడు.

ఈ అంచనా చేతికి వచ్చినప్పుడు సంస్థ ఏం చేసింది? కొండ జారి జలాశయాన్ని రెండుగా చీల్చినా ఎగువ నీరు ఆనకట్ట దాకా చేరేలా కుడి గట్టు, అంటే ఎర్తో ఉన్న ఉత్తరపు గట్టు లోపల ఒక సొరంగం తవ్వించింది. అంటే కొండ జారుతుందన్న ఊహను వారు కాదనలేదు. నష్టం విద్యుత్తుకు కలగకుండా ఏర్పాటు చేసుకున్నారు. ఎర్తో, కస్సో, లోంగరోనే ప్రజలకు అంతటి ఏర్పాటు ఏదీ జరగలేదు. ఈ సంగతి నన్ను చాలా బాధిస్తుంది.

ఆ తరువాత వారు నమ్ముకున్నవి రెండు. ఒకటి, విత్తోరియో వెనెతో దగ్గరి నోవె అనే చోట ప్రొఫెసర్ గెత్తీ నడిపిన నమూనా ప్రయోగాలు. 1:200 కొలతలో లోయ నమూనా కట్టి, అందులోకి కంకర జార్చి, లేచే అలలను కొలిచారు. నీటిమట్టం సముద్ర మట్టం నుంచి లెక్కించి 700 మీటర్ల దగ్గర ఉంటే, ఊహించగల ఘోరమైన కొండచరియ పడినా ప్రమాదం లేదని 1962లో నిర్ధారించారు. కానీ విడివిడిగా దొర్లే కంకర వేరు. ఒక్క ముక్కగా, మహా వేగంతో వచ్చే కొండ వేరు. పైగా ఆ ప్రయోగంలో తీసుకున్న రాశి అసలు రాశికి చాలా తక్కువ.

రెండవది, నీటిమట్టాన్ని పెంచుతూ తగ్గిస్తూ కొండ కదలికను అదుపు చేయవచ్చునన్న నమ్మకం. మొదటిసారి మట్టం పెంచినప్పుడు కదలిక పెరిగింది, దించినప్పుడు తగ్గింది. 1962 చివర 700 మీటర్ల దాకా నింపి, తరువాత దించితే కదలిక దాదాపు ఆగిపోయింది. దీనితో కొండ తమ చేతిలో ఉందని అనుకున్నారు. మూడవసారి, 1963 సెప్టెంబరు నాటికి, 710 మీటర్ల దాకా తీసుకువెళ్లారు. ఈసారి దించినా కదలిక ఆగలేదు. రోజుకు సెంటీమీటర్ల నుంచి పదుల సెంటీమీటర్లకు పెరిగింది. చెట్లు వంగాయి, రోడ్డు విచ్చింది. భూమి అదురుతోందని, లోపలి నుంచి శబ్దాలు వస్తున్నాయని చెబుతూ ఎర్తో స్థానిక సంస్థ అధికారులకు లేఖ రాసింది.

ఈలోగా సంస్థ చేతులు కూడా మారింది. 1962 డిసెంబరు చట్టంతో ఇటలీ విద్యుత్తు రంగాన్ని జాతీయం చేసింది; 1963 మార్చిలో వయోంత్ ఎనెల్ అనే ప్రభుత్వ సంస్థకు దక్కింది. కార్లో సెమెంజా 1961లోనే మరణించగా, ఆయన స్థానంలో వచ్చిన అల్బెరీకో బియాదెనే, అతని సిబ్బంది కొత్త యజమాని కింద కూడా అదే పనిలో కొనసాగారు. వాలు జారుతుందని వారికి తెలుసు. ఎంత వేగంతో, ఒక్కసారిగానా ముక్కలుగానా అన్నదే తెలియదు. ఆ తెలియని భాగం విషయంలో తమకు అనుకూలమైన ఊహను ఎంచుకుని, దానికి తగ్గట్టు నీరు నింపారు.

ప్రశ్న: ఆనకట్ట పగలకుండా అంతమంది ఎలా చనిపోయారు? ఎర్తోలో ఆ రాత్రి ఏమి జరిగింది? (ఒక పాఠకుడు, నిజామాబాద్)

1963 అక్టోబరు 8న, తోక్ వాలు మీదివారు, జలాశయం ఒడ్డునవారు దూరంగా వెళ్లడం మంచిదని ఎర్తో స్థానిక సంస్థ ప్రకటన అంటించింది. కొందరు వెళ్లారు, కొందరు పశువుల కోసమో సామాను కోసమో ఆగారు. దిగువన లోంగరోనేకు ఏ హెచ్చరికా లేదు. అక్కడ మరుసటి రాత్రి చాలామంది టీవీ ఉన్న కాఫీ అంగళ్లలో రియల్ మాడ్రిడ్, గ్లాస్గో రేంజర్స్ జట్ల ఫుట్‌బాల్ ఆట చూస్తున్నారు.

అక్టోబరు 9 రాత్రి 10 గంటల 39 నిమిషాలకు, దాదాపు 26 కోట్ల ఘనపు మీటర్ల కొండ, రెండు కిలోమీటర్ల వెడల్పున, ఒక్క ముక్కగా జలాశయంలోకి దూసుకొచ్చింది. అప్పుడు జలాశయంలో ఉన్న నీరు సుమారు 11.5 కోట్ల ఘనపు మీటర్లు. అంటే పడిన రాశి నీటికి రెట్టింపు కంటే ఎక్కువ. అర నిమిషంలోపే లోయ నిండిపోయింది. నీరు ఎదుటి గట్టు మీదికి 200 మీటర్లకు పైగా లేచి, కస్సో దిగువ ఇళ్ల మీద రాళ్లు కురిపించింది. తరువాత అల చీలింది. ఒక భాగం ఎగువకు మళ్లి ఎర్తో చిన్న పల్లెలైన ఫ్రసేన్, లె స్పెస్సె, పినేదా, సాన్ మార్తీనోలను ఊడ్చేసింది. ఇంకొక భాగం, సుమారు 2.5 కోట్ల ఘనపు మీటర్లు, ఆనకట్ట పైనుంచి దూకి ఇరుకు లోయలో పడి, దాని ముందు గాలిని నెట్టుకుంటూ, నిమిషాల్లో లోంగరోనే మీదికి వచ్చింది. ఆనకట్ట పై అంచు కాస్త దెబ్బతిన్నది తప్ప కట్టడం నిలిచింది. దాని మీదా పక్కనా పనిలో ఉన్నవారిలో ఎవరూ మిగలలేదు.

మృతుల సంఖ్యను 1,917గా చెబుతారు. వారిలో లోంగరోనే వారు 1,450 మంది, కొదిస్సాగో, కస్తెల్లవాజో ప్రాంతం వారు 109 మంది, ఎర్తో, కస్సో వారు 158 మంది. మిగిలినవారు పనికీ ఇతర కారణాలకూ వచ్చి అక్కడ ఉన్నవారు. ఎర్తో నడిఊరు కొండ మలుపు చాటున ఉండటంతో బతికిపోయింది. ఊరు మిగిలి, చుట్టూ ఉన్న పల్లెలూ పొలాలూ అవతలి గట్టూ లేకుండా పోవడం ఎర్తోకు దక్కిన ప్రత్యేకమైన దుఃఖం.

ప్రశ్న: మా కుటుంబం శ్రీశైలం ముంపులో ఊరు వదిలి వచ్చింది. ఎర్తోలో బతికినవారికి పునరావాసం ఎలా దొరికింది? (ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా)

అయ్యా, మీరు అడిగిన ఈ భాగమే చాలా పుస్తకాల్లో రెండు మూడు వాక్యాలతో ముగిసిపోతుంది. ఎర్తో చరిత్రలో నిజమైన చీలిక ఆ రాత్రి వచ్చినది కాదు, ఆ తరువాతి సంవత్సరాల్లో వచ్చినది.

మిగిలిన కొండ కూడా జారవచ్చునని భయపడి అధికారులు ఊరిని ఖాళీ చేయించారు. జనం పక్క లోయలోని చిమొలాయిస్, క్లౌత్ ఊళ్లలో తల దాచుకున్నారు. ఆ తరువాత ఎక్కడ ఉండాలన్న దాని మీద ఊరు రెండు మూడు ముక్కలైంది. మైదానంలో పనులు దొరుకుతాయని, ఇక ఆ కొండ వద్దని ఒక వర్గం అంది. మానియాగో దగ్గరి మైదానంలో వారికోసం తిన్నని వీధులతో కొత్త ఊరు కట్టారు. 1971లో అది వయోంత్ అనే పేరుతో వేరే స్థానిక సంస్థ అయింది. దాని విస్తీర్ణం రెండు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. కొందరు బెల్లూనో వైపు, పోంతె నెల్లె అల్పి దగ్గర కట్టిన కాలనీకి వెళ్లారు. ఇంకొక వర్గం, మా ఊరు మాదే, తప్పు చేసినది కొండ కాదు అంటూ, ప్రభుత్వ నిషేధాన్ని లెక్కచేయకుండా పాత ఇళ్లకు తిరిగి వచ్చింది.

తిరిగి వచ్చినవారికి కరెంటు ఇవ్వలేదు, నీళ్లు ఇవ్వలేదు. దేశానికి విద్యుత్తు కోసం తమ లోయను ఇచ్చుకున్న ఊరు దీపాల వెలుగులో గడిపింది. చివరికి వారి పట్టుదలకు లొంగి, పాత ఊరికి పైన స్తోర్తాన్ అనే చోట కొత్త ఇళ్లు కట్టడానికి అనుమతించారు. అన్నదమ్ములు ఒకరు మైదానంలో, ఒకరు కొండ మీద స్థిరపడ్డారు. వెళ్లినవారు ఊరిని వదిలేశారని ఉన్నవారూ, ఉన్నవారు మొండివారని వెళ్లినవారూ అనుకున్నారు. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. ఇద్దరూ ఒకే నష్టానికి వేర్వేరు దారుల్లో జవాబు వెతుక్కున్నవారే.

డబ్బు సంగతి ఇంకా బాధాకరం. 1964లో ఈ ప్రాంతం కోలుకోవడానికి ప్రత్యేక చట్టం చేశారు. వ్యాపారాలు, కార్ఖానాలు కోల్పోయినవారికి గ్రాంట్లు, తక్కువ వడ్డీ అప్పులు, పన్ను రాయితీలు అందులో ఉన్నాయి. ఈ హక్కును ఇతరులకు బదిలీ చేయవచ్చు. దానితో మధ్యవర్తులు బయలుదేరి, చనిపోయినవారి చిన్న దుకాణాలు, తిరుగుడు వ్యాపారాల లైసెన్సులను వారసుల నుంచి కారుచవకగా కొని, ఈశాన్య ఇటలీలో ఎక్కడెక్కడి కంపెనీలకో అమ్ముకున్నారు. కొయ్య గరిటెలు అమ్ముకున్న తల్లి కాగితంతో, ఆమె ఊరికి ఏ సంబంధమూ లేని కార్ఖానాలు లేచాయి. బతికిన చాలా కుటుంబాలు విచారణకు ముందే కొంత పరిహారం తీసుకుని, కేసులో పక్షంగా నిలిచే హక్కును వదులుకున్నాయి. ఇంట్లో అందరినీ పోగొట్టుకుని, తాత్కాలిక వసతిలో ఉన్నవారి ముందు కాగితం పెట్టినప్పుడు వారు సంతకం చేయడంలో ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: శిక్ష ఎవరికైనా పడిందా? (ఒక న్యాయవాది, వరంగల్)

పడింది, పేరుకు. మొదటి రోజుల్లో కొందరు పేరున్న పాత్రికేయులు దీనిని ప్రకృతి వైపరీత్యమనీ, ఆనకట్ట నిర్మాణంలో లోపం లేదనీ రాశారు. బెల్లూనోకు చెందిన న్యాయాధికారి మారియో ఫబ్రి పట్టుదలగా దర్యాప్తు చేసి అభియోగాలు సిద్ధం చేశారు. అయితే శాంతిభద్రతల పేరుతో విచారణను వందల కిలోమీటర్ల దూరంలోని లాక్విలా నగరానికి మార్చారు. అక్కడికి వెళ్లి కూర్చోవడం కొండ ఊళ్ల వారికి ఎంత భారమో మీకు చెప్పనవసరం లేదు. 1968 నవంబరులో విచారణ మొదలైంది. నిందితుల్లో ఒకరైన ఇంజనీరు మారియో పంచీని ఆ రోజుల్లోనే ఆత్మహత్య చేసుకున్నాడు.

కొండచరియ పడుతుందని ముందే ఊహించగలిగేవారా అన్నదే వాదమంతా. 1969 తీర్పు ఆ మాటను పూర్తిగా ఒప్పుకోలేదు, పైకోర్టు ఒప్పుకుంది. 1971 మార్చి 25న, కాలపరిమితి దాటడానికి రెండు వారాల ముందు, అత్యున్నత న్యాయస్థానం బియాదెనేకు అయిదేళ్లు, ప్రభుత్వ ఇంజనీరు ఫ్రాంచెస్కో సెన్సిదోనీకి మూడేళ్ల ఎనిమిది నెలలు ఖరారు చేసింది. ఇద్దరికీ అందులో మూడేళ్లు మాఫీ అయ్యాయి. పరిహారపు వ్యాజ్యాలు మాత్రం దశాబ్దాల పాటు సాగి, 2000 నాటికి ఎనెల్, సాదేకు వారసురాలైన మోంతెదిసోన్, ఇటలీ ప్రభుత్వం ఆ భారాన్ని మూడు సమ భాగాలుగా పంచుకోవడంతో ముగిశాయి. ఆ కేసు పత్రాలు లాక్విలాలో భద్రపరచబడి, 2009 భూకంపం తరువాత బెల్లూనోకు తరలాయి. 2023లో యునెస్కో వాటిని ‘ప్రపంచ జ్ఞాపకం’ జాబితాలో చేర్చింది.

ప్రశ్న: ఇటలీలో చదువుకుంటున్న మా అబ్బాయి ఎర్తో చూడాలనుకుంటున్నాడు. ఇప్పుడు అక్కడ ఏమున్నాయి? (ఒక పాఠకురాలు, గుంటూరు)

అమ్మా, లోంగరోనే నుంచి పైకి వెళ్లే రోడ్డు ఆనకట్ట పక్కగా ఎర్తోకు చేరుతుంది. ఆనకట్ట వెనుక ఇప్పుడు పెద్ద జలాశయం లేదు. జారిపడిన కొండే అక్కడ చెట్లు మొలిచిన మరో కొండగా ఉంది. దాని ఎగువన కొద్దిపాటి నీరు మిగిలింది. తోక్ కొండ మీద జారిన తలం, నున్నని పెద్ద రాతిపలకగా, ఊళ్లోనుంచే కనిపిస్తుంది. ముందుగా ఏర్పాటు చేసుకుంటే ఆనకట్ట పైన నడిచి చూడటానికి మార్గదర్శకులు తీసుకువెళతారు. వారిలో స్థానికులు ఉంటారు. వారిని అడిగి, వారు చెప్పేది వినమని మీ అబ్బాయికి చెప్పండి.

ఎర్తో, కస్సో రెండింటిలో కలిపి ఇప్పుడు ఉన్నవారు 400 మంది కూడా లేరు. కస్సోలో ఎత్తయిన పాత రాతి ఇళ్లు ఒకదానినొకటి ఆనుకుని ఉన్నాయి. ప్రమాదంలో దెబ్బతిన్న పాత బడి 2012 నుంచి ఆధునిక కళా ప్రదర్శనశాలగా నడుస్తోంది. చుట్టూ ఉన్న ఫ్రియూలీ దొలొమీతి పర్వతాలు 2009 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. మృతుల స్మారక శ్మశానం లోంగరోనే దగ్గరి ఫోర్తోన్యాలో ఉంది. దొరికిన దేహాల్లో చాలా వాటిని గుర్తు పట్టలేకపోయారు.

వీలైతే గుడ్ ఫ్రైడే నాటికి వెళ్లమనండి. క్రీస్తు శిలువ ఘట్టాన్ని ఎర్తో వారు పాత ఊరి వీధుల్లోనే, ఊరివారే పాత్రధారులుగా ఆడతారు. పదిహేడవ శతాబ్దపు ప్లేగు కాలంలో చేసుకున్న మొక్కు నుంచి ఇది వస్తోందని వారు చెప్పుకుంటారు. మైదానంలో స్థిరపడిన కుటుంబాల వారు కూడా ఆ రోజుకు పైకి వస్తారు.